సైన్యములు వదలిన తుపాకులు — మన గోదావరి సరిహద్దు

పాత సైనిక తుపాకులను కొని తెచ్చి, తుప్పు వదలించి, నూనె రాచి, వాని మీది ముద్రలను చదివి సంతోషించుట పాశ్చాత్య దేశములలో నాణెముల సేకరణవలె ఒక పెద్ద వినోదము. 1945లో రెండవ ప్రపంచ యుద్ధము ముగియగానే, తమకు అక్కరలేని తుపాకులను అక్కడి ప్రభుత్వములు చౌకగా వర్తకులకు అమ్మివేసినవి. అమెరికాలో వానిని టపా ద్వారా తెప్పించుకొను వీలుండెను. 1963 నవంబరు 22న అధ్యక్షుడు కెనెడీని బలిగొన్నది అట్లు టపాలో వచ్చిన ఇటలీ సైన్యపు పాత తుపాకియే. 1968లో చట్టము వచ్చి ఆ టపా బేరమును ఆపినది.

మన ప్రాంతమున అట్టి వినోదమెన్నడును లేదు. అయినను సైన్యములు వదలిన తుపాకులు మన అడవులకు రాకపోలేదు. అవి ఎట్లు వచ్చినవి, ఎవరి చేతులు మారినవి అనుట మన గ్రామ చరిత్రకు సంబంధించిన విషయమే గనుక ఈ రజతోత్సవ సంచికలో దానిని వ్రాయ సాహసించుచున్నాను.

ముందుగా సరిహద్దు సంగతి. భద్రాచలము, రేకపల్లి ప్రాంతములను నిజాము 1860లో ఆంగ్లేయులకు ఇచ్చివేసెను. 1874లో అవి మద్రాసు రాజధానియందలి గోదావరి జిల్లాలో చేరినవి. ఈవలి ఒడ్డున పాల్వంచ, బూర్గంపాడు నిజాము పాలనలోనే యుండెను. నది యొకటే, శాసనములు రెండు. లిట్టను ప్రభువు కాలమున 1878లో వచ్చిన ఆయుధముల చట్టము ఆవలి ఒడ్డున చెల్లును. ఈవలి ఒడ్డు నిజాముది గనుక ఇచ్చట చెల్లదు. 1959లో భద్రాచలము ఖమ్మము జిల్లాలో కలిసినది. 2014లో దాని చుట్టునున్న మండలములు కొన్ని ఆంధ్రప్రదేశమునకు పోయి, నేడు మరల ఒక సరిహద్దు ఏర్పడినది.

ఇక తుపాకి సంగతి. 1857 తిరుగుబాటునకు ఎన్‌ఫీల్డు తుపాకి తూటాల కొవ్వు ఒక కారణమైనదని పాఠశాల పిల్లలకును తెలియును. ఆ దెబ్బ తిన్న పిమ్మట ఆంగ్లేయులు ఒక నియమము పాటించిరి. తెల్ల సైనికుని చేతిలో ఏ తుపాకి యున్నదో, దానికంటె ఒక తరము వెనుకటిదే భారత సిపాయికి ఈయవలెను. 1866లో స్నైడరు, 1871లో మార్టినీ-హెన్రీ, 1895లో లీ-ఎన్‌ఫీల్డు వచ్చినవి. క్రొత్తది వచ్చినపుడెల్ల పాతది ఒక మెట్టు దిగును. సైన్యము నుండి సిపాయికి, ఆ తరువాత పోలీసుకు. ఇంటి పెద్దకొడుకు చొక్కా చిన్నవాని కొచ్చినట్లన్నమాట! అప్పటికిని నమ్మకము చాలక, బంగాళములోని ఈషాపూరు కర్మాగారమున లీ-ఎన్‌ఫీల్డు గొట్టములనే నునుపు చేసి, ఒకసారి ఒక్క తూటాయే పేలునట్లు మార్చి, పోలీసులకును జైలు కావలివారికిని ఇచ్చిరి. వీనిని 410 మస్కెట్లందురు. తిరుగుబాటుదారు లాగుకొనినను సైన్యపు తూటా అందులో పనికిరాదు.

ఈ జాగ్రత్తకు హేతువు మన కొండలలోనే కనబడును. 1879లో రంప కొండలలో రేగిన తిరుగుబాటు రేకపల్లి ప్రాంతమునకును ప్రాకినది. పోడు మీది పన్ను, కల్లు మీది పన్ను, ముత్తాదారుల గోడు, అన్నియు కలిసినవి. ద్వారబంధాల చంద్రయ్య అడ్డతీగల పోలీసు ఠాణాను తగులబెట్టెను. దానిని అణచుటకు మద్రాసు పదాతి పటాలములు ఆరును, హైదరాబాదు కంటింజెంటు పటాలము ఒకటియు రావలసివచ్చెను. కొండవారి చేతులలో నున్నవి విండ్లు, నాటు తుపాకులు.

అల్లూరి సీతారామరాజు కాలమునకు తెలివి మరియొక దారి పట్టినది. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి ఠాణాలు వరుసగా పట్టుబడినవి. మూడింటను కలిపి చిక్కినవి 26 పోలీసు తుపాకులు, రెండువేల అయిదువందలకు పైగా తూటాలు. ఏమేమి తీసికొనిపోవుచున్నారో రాజు ఠాణా పుస్తకములో వ్రాసి సంతకము చేసి వెళ్లెను. దొంగ సంతకము చేయడు గదా! తుపాకులు పోగుచేయువారి మొదటి అలవాటు పట్టిక వ్రాసికొనుట. మన ప్రాంతపు చరిత్రలో అట్టి పట్టిక ఒక విప్లవకారుని చేతివ్రాతలో పుట్టెను.

ఆ తుపాకులు ఒక నెల తిరుగగానే మాటాడినవి. సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో స్కాట్ కవర్డు, హేటరు అను ఇద్దరు తెల్ల అధికారులు కూలిరి. అయితే అసలు చిక్కు ఇచ్చటనే యున్నది. నాటు తుపాకికి సూరేకారము, గంధకము, బొగ్గు దొరికిన చాలును, కొండలోనే మందు నూరుకొనవచ్చును. సైనిక తుపాకి అట్లు కాదు. కర్మాగారపు తూటా అయిపోయినచో అది మంచి దుడ్డుకఱ్ఱ మాత్రమే. ప్రభుత్వమునకు ఈ రహస్యము తెలియును. అందుచే అక్టోబరులో రాజు అడ్డతీగల, రంపచోడవరము ఠాణాలకు వచ్చునప్పటికి అచ్చటి ఆయుధములను ముందే తరలించియుండిరి. మలబారు పోలీసులు, ఆపైన అస్సాము రైఫిల్సు దిగిరి. 1924 మే 7న రాజు కొయ్యూరువద్ద కాల్చబడెను. ఆయన శౌర్యమును గూర్చి ఎన్నో పాటలు వచ్చినవి గాని, ఈ తూటాల లెక్కను గూర్చి ఎవరును పాడలేదు.

ఈవలి ఒడ్డున తుపాకులు వేరు దారిని వచ్చినవి. 1948లో సిడ్నీ కాటను అను ఆస్ట్రేలియా వైమానికుడు లంకాస్ట్రియను విమానములలో కరాచీనుండి రాత్రులందు నిజామునకు ఆయుధములు మోసి తెచ్చెను. ఆ విమానములు దిగిన చోట్లలో వరంగల్లు ఒకటి. నాడు మన ఖమ్మము ఆ జిల్లాలోనిదే. పొలములలో వడిసెలలతోను కారముతోను రజాకార్ల నెదిరించిన రైతులు, వారినుండి లాగుకొనిన తుపాకులతో దళములు కట్టిరి. సెప్టెంబరు 13 మొదలు 17 వరకు జరిగిన పోలీసు చర్యతో నిజాము పాలన ముగిసినను దళములు గోదావరి అడవులలో నిలిచినవి. కోయగూడెములను ఖాళీచేయించి శిబిరములకు తరలించిన దినములవి. తుపాకి ఎవరిదైనను కష్టము గూడెమునదే. 1951 అక్టోబరులో పోరాటము విరమింపబడెను.

ఇట్లు చేతులు మారినవానిలో ముఖ్యమైన దానిని మన పల్లెలందు త్రీ నాట్ త్రీ అందురు. అదియే లీ-ఎన్‌ఫీల్డు. బరువు సుమారు నాలుగు కిలోలు. పెట్టెలో పది తూటాలు పట్టును. మడమలో చిన్న ఇత్తడి తలుపు, దానిలో నూనె సీసా, గొట్టము తుడుచు త్రాడు. ఈషాపూరులో చేసిన దానిపై కిరీటము, రాజు పేరి పొడి అక్షరములు, చేసిన సంవత్సరము ఉండును. స్వాతంత్ర్యానంతరము చేసినవానిపై కిరీటము పోయి అశోకుని సింహములు వెలసినవి. ఒక దేశ చరిత్ర అంగుళము మేర ఇనుములో చదువవచ్చును! ఉత్తరప్రదేశ్ పోలీసులు 2020 గణతంత్ర దినమున దీనికి వీడ్కోలు చెప్పిరి.

సామాన్యునికి మాత్రము దీనిని ఉంచుకొను హక్కు లేదు. సైన్యపు తూటా పేలు తుపాకి నిషిద్ధ కొలతలోనిది. అందుకే లైసెన్సుదారుల కొరకు 315 అను వేరు కొలతతో మన కర్మాగారములు తుపాకులు చేసినవి. 1959 ఆయుధముల చట్టము క్రింద ఒకరు మూడు తుపాకులవరకు ఉంచుకొనుచుండగా, 2019 సవరణ దానిని రెండింటికి తగ్గించెను. పాతకాలపుదై, మరమ్మతు చేసినను పేలనట్టిదానికి 45వ సెక్షను మినహాయింపునిచ్చినది. మన సేకరణాభిలాషకు చట్టము విడిచిన సందు అంతమాత్రమే. హైదరాబాదు వెళ్లువారు సాలార్‌జంగు ప్రదర్శనశాలలోని ఆయుధముల గదిని చూడవచ్చును. అద్దమునకు ఈవలనుండి చూచుట ఏమంత తక్కువ ఆనందము కాదు.

మన ఊళ్లలో ఇప్పటికిని తాతలనాటి నాటు తుపాకి అటకపై దొరకుట కలదు. దొరికినచో మీట లాగి చూడవలదు, పొయ్యి దగ్గరకు కొనిపోవలదు. మందు తడియనిచో అది ఎన్ని ఏండ్లయినను పేలును. లోపల మందు కూరియున్నదో లేదో పైకి తెలియదు. ఉన్నచోటనే ఉంచి ఠాణాకు తెలుపవలెను. దానితోబాటు పాత లైసెన్సు కాగితము దొరికినచో చింపివేయక గ్రంథాలయమునకు తెచ్చి యిండు. దానిపై తాత పేరు, ఊరి పేరు, ఇచ్చిన సంవత్సరము ఉండును. ఆ కాగితమును దాచుటకు లైసెన్సు అక్కరలేదు.