గళాసుడు నీళ్లు

తెల్లవారుజాము నాలుగున్నర. కవిటి వైపు ఓ పల్లె. అరుగు మీద కూర్చున్న మనిషి చేతిలో స్టీలు గళాసు ఉంది. నోటికెత్తకుండా అందులోకే చూస్తున్నాడు.

"ఏటలా సూస్తన్నావు మావా? తాగు. బస్సు టైమైపోతంది."

"ఇప్పుడే తాగేస్తే సాయంత్రం దాకా ఏటి తాగాలే?"

అతని పేరు, ఊరు చెప్పను. ఇది ఒక్కడి కథ కూడా కాదు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, అంటే కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు పల్లెల్లో, ఎన్నో గడపల్లో జరిగినదాన్ని ఒక మనిషిలో ఇమిడ్చి చెబుతున్నాను.

కొన్నేళ్ల కిందట ఇదే మనిషి మే నెల ఎండలో జీడితోటలో పిక్కలు ఏరేవాడు, కొబ్బరి చెట్లెక్కేవాడు. పొద్దున్న సోడంబలి తాగి వెళ్తే మళ్లీ మధ్యాహ్నం దాకా గొంతు తడుపుకోవడం ఉండేది కాదు. రాత్రికి ఒళ్లు నొప్పులు. కొట్లో అడిగితే గోళీ ఇచ్చేవారు. కాళ్లు పొంగాక టెక్కలి వెళ్తే నెత్తురు పరీక్ష చేశారు. షుగరు లేదు, బీపీ లేదు, కిడ్నీలు మాత్రం పోయాయి. డాక్టర్ రవిరాజు వంటి కిడ్నీ వైద్యులు ఏళ్ల తరబడి చెబుతూ వచ్చిన ఉద్దానం జబ్బు తీరే అది.

ఆ ఎండలో ఒంట్లో ఏం జరుగుతుందో చూద్దాం. ఒళ్లు చల్లబడాలని నెత్తురు చర్మానికి పరుగెడుతుంది, పనికోసం కండలకు పోతుంది. పేగుకు వాటా తగ్గుతుంది. పేగు గోడలో కణాల మధ్య అతుకులు సడలుతాయి. లోపల కోట్లకు కోట్లుగా ఉన్న బాక్టీరియా పైపొర ముక్కలు ఆ సందుల్లోంచి నెత్తురులోకి జారతాయి. ఆ ముక్కల పేరే ఎండోటాక్సిన్. 1892లో బెర్లిన్‌లో రాబర్ట్ కాక్ శిష్యుడు రిచర్డ్ ఫైఫర్ కలరా క్రిములతో పనిచేస్తూ పట్టుకున్న సంగతి ఇది: క్రిమి చచ్చినా దాని విషం చావదు. ఆ ముక్క తగలగానే ఒంట్లో కాపలా కణాలు మంట పెట్టేస్తాయి. ఆ మంటకే వైద్యులు ఇన్‌ఫ్లమేషన్ అని పేరు పెట్టారు. వడదెబ్బ తిన్నవాళ్ల నెత్తురులో ఈ విషం దొరుకుతుంది.

ఎండే అక్కర్లేదు, తిండి కూడా ఈ పని చేయగలదు. 2007లో పాత్రిస్ కానీ బృందం ఎలుకలకు నాలుగు వారాలు కొవ్వు తిండి పెడితే నెత్తురులో ఎండోటాక్సిన్ రెండు మూడు రెట్లయింది. తిండి మార్చకుండా విషాన్నే కొద్దికొద్దిగా ఎక్కిస్తే, ఆ ఎలుకలూ లావెక్కాయి, ఇన్సులిన్ మాట వినడం మానేశాయి. షుగరు జబ్బంటే చక్కెర డబ్బా వైపు చూసే మనకు ఇది మింగుడు పడని మాటే.

ఉద్దానం జబ్బుకు పేగే మూలమని నేననడం లేదు. నీళ్లలో సిలికా, పురుగుమందులు, వంశం, వడగాడ్పు... అనుమానితులు చాలామంది, తీర్పు ఇంకా రాలేదు. కిడ్నీ చెడ్డాక మాత్రం పేగు పగవాడవుతుంది. నెత్తురులో పేరుకున్న యూరియా పేగులోకి ఊరుతుంది, బాక్టీరియా దాన్ని అమోనియా చేస్తుంది, అమోనియా ఆ అతుకుల్నే తినేస్తుంది. ఇంకోపక్క తిన్న పప్పులోని, చేపలోని ప్రొటీన్ ముక్కల్ని బాక్టీరియా విరిచి ఇండోల్, క్రెసాల్ తయారుచేస్తుంది. అవి ఒంట్లో రూపు మార్చుకుని ఇండాక్సిల్ సల్ఫేట్, క్రెసిల్ సల్ఫేట్ అవుతాయి. మంచి కిడ్నీ వాటిని మూత్రంలో తోసేస్తుంది. లేని కిడ్నీ ఏం తోస్తుంది? షుగరు లేని ఈ మనిషి ఒంట్లోనూ ఇన్సులిన్ మొద్దుబారడంలో వాటి చెయ్యి ఉందని అనుమానం. క్రెసిల్ సల్ఫేట్ ఎక్కించిన ఎలుకల్లో అదే జరిగింది.

ఆ బస్సు దిగితే పలాస. డయాలసిస్ మంచం. సూది గుచ్చిన చెయ్యి కదపకూడదు, నాలుగు గంటలు. ఫిల్టరులో పల్చటి పొరకు ఇటు అతని నెత్తురు, అటు దగ్గర దగ్గర 120 లీటర్ల నీళ్లు పారతాయి. సాయంత్రం దాకా తాగడానికి అతని వంతు మాత్రం గళాసుడు. యూరియా ఆ పొర దాటి పోతుంది. ఇండాక్సిల్ సల్ఫేట్ అంత తేలిగ్గా పోదు, నూటికి తొంభై పాళ్లకు పైగా నెత్తురులోని ప్రొటీన్ ఆల్బుమిన్‌ను పట్టుకుని వేలాడుతుంది. జపాన్‌లో 1991 నుంచి ఈ విషాలను పేగులోనే పీల్చేందుకు బొగ్గు గుళికలు మింగిస్తున్నారు. పెద్ద ఎత్తున పరీక్షిస్తే కిడ్నీలకు ఒరిగిందేమీ లేదని 2015లో తేలింది.

"పనసపండు తినొచ్చా అమ్మా?" నర్సును అడిగాడు.

"వద్దు బాబూ. కొబ్బరి నీళ్లు కూడా ముట్టొద్దు."

చెడ్డ కిడ్నీ తోసేయలేని పొటాషియం భయం మరి. పండూ కూరా తగ్గితే పీచు తగ్గుతుంది. పీచు దొరకని బాక్టీరియా ప్రొటీన్ మీద పడి మరింత క్రెసాల్ చేస్తుంది. కొబ్బరి, పనస పుట్టిల్లయిన ఉద్దానంలో ఇంతకంటే కసాయి ఏర్పాటు నేను ఎరగను.

డయాలసిస్ యంత్రంలోకి పోయే నీటిలో ఎండోటాక్సిన్ ఉందేమో పరీక్షించాలని నియమం. అందుకు వాడే మందు గుర్రపునాడా పీత నీలి నెత్తురుతో తయారవుతుంది. విషం తగిలితే గడ్డకడుతుంది. ఆ పీత చుట్టాలు మన పైన ఉన్న ఒడిశా బాలాసోర్ తీరంలోనే ఉన్నాయి.

పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం 2023 డిసెంబరు 14న తెరిచారు. అక్కడి పెద్దలకు ఒక్క విన్నపం: యంత్రం నీళ్లలో వెతికే విషాన్నే, మే నెల మిట్టమధ్యాహ్నం జీడితోటలో పిక్కలు ఏరే మనిషి నెత్తురులో కూడా వెతకండి. కిడ్నీ ఇంకా బాగున్నప్పుడే.