సుల్తాన్‌షాహీ దాకా సాగిన పరిచర్య

చార్మినార్ చుట్టూ విస్తరించిన పాతనగరంలో క్రైస్తవులు బహు కొద్దిమంది. అక్కడ సంఘం చరిత్ర చెప్పుకోవాలంటే మందిరాలను, బాప్తిస్మాలను లెక్కపెడితే చాలదు. సంఘం ఎవరి గడప తొక్కింది, అక్కడ ఏం చేసింది అన్నది చూడాలి.

నిజాం రాజ్యంలో మిషన్ల తొలి అడుగులు ఎక్కువగా మూసీ నదికి ఉత్తరానే, అంటే పాతనగరానికి అవతలే పడ్డాయి. సెయింట్ జార్జ్ గ్రామర్ స్కూలు 1834 నాటిది. 1895లో ఆడపిల్లల కోసం స్టాన్లీ పాఠశాల తెరుచుకుంది. 1907లో వచ్చిన స్కాట్లండ్ వైద్యురాలు ఇసబెల్ కెర్, ఊళ్లు వెలివేసిన కుష్ఠురోగుల కోసం నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లి ఆసుపత్రిని నిలబెట్టారు. అందుకు హిందూ దాత నర్సాగౌడ్ చేయూతనిచ్చారు. ఒక మతం వారి సేవకు మరో మతం వారు దన్నుగా నిలవడం ఈ నేలకు కొత్త కాదు. 1912లో డోర్నకల్ బిషప్ అయిన అజరయ్య, సంఘం పని పాదిరి ఒక్కడిదే కాదు, బాప్తిస్మం పొందిన ప్రతివారిదీ అని బోధించారు. ఆ మాట ఇప్పటికీ మన సంఘాలకు పూర్తిగా ఎక్కలేదు.

పాతనగరానికి సంబంధించి నన్ను కదిలించే కథ హెన్రీ మార్టిన్ ఇన్‌స్టిట్యూట్‌ది. కొత్త నిబంధనను ఉర్దూ, పారశీక భాషల్లోకి అనువదించి, 1812లో 31 ఏళ్లకే కన్నుమూసిన పాదిరి పేరిట అది 1930లో లాహోర్‌లో మొదలైంది. ముస్లింల మధ్య సువార్త చెప్పేవారికి ఇస్లాం గురించి నేర్పడమే దాని తొలి ఉద్దేశం. ఊళ్లు మారి 1971లో హైదరాబాద్ చేరింది. అప్పటికీ అది చదువు, పుస్తకాలు, ఉపన్యాసాల సంస్థే.

1990 డిసెంబరులో అయోధ్య ఉద్రిక్తతల నీడలో పాతనగరం భగ్గుమంది. వందమందికి పైగా చనిపోయారు. కర్ఫ్యూలో రోజుకూలీల పొయ్యిలు ఆరిపోయాయి. ఇస్లాం మీద అంత చదివిన సంస్థ ముందు, పక్క బస్తీలో కత్తిపోట్లకు బలైన కుటుంబాలకు మనమేం చేశాం అన్న ప్రశ్న నిలిచింది. సహాయక చర్యలతో మొదలైన పని, హిందువులూ ముస్లింలూ పక్కపక్కన బతికే సుల్తాన్‌షాహీలో అమన్ శాంతి కార్యక్రమంగా వేళ్లూనింది. పిల్లలకు చదువు, ఆడవాళ్లకు కుట్టుపని వంటి నైపుణ్యాలు, ఆరోగ్య సేవ. పైకి చూస్తే చిన్న పనులే. కానీ ఒకే గదిలో కుట్టు నేర్చుకునే ఫాతిమా, లక్ష్మి రేపు బస్తీలో పుకారు పుడితే ఒకరినొకరు అడిగి తెలుసుకోగలరు. శాంతి సభల్లో ఎంత మాట్లాడినా అంత పరిచయం రాదు.

ఆ పని ఇన్‌స్టిట్యూట్‌నే మార్చేసింది. ముస్లింలకు చెప్పడం కోసం పుట్టిన సంస్థ, వారితో కలిసి పనిచేసే సంస్థ అయింది. మతాల మధ్య సఖ్యత, సయోధ్య దాని ముఖ్య బాధ్యతలయ్యాయి. దీన్ని విశ్వాసం పలచబడటమని కొందరు అంటారు. నేను ఒప్పుకోను. గాయపడినవాడి మతం అడగకుండా కట్టుకట్టిన సమరయుడి కథను ఆదివారం బోధించి, సోమవారం మూసీ దాటకపోవడమే విశ్వాసం పలచబడటం.

ఈ నగరంలో ఇవాళ పెద్ద సంఘాలున్నాయి. వాటిలో నర్సులున్నారు, టీచర్లున్నారు, దర్జీలున్నారు. పాస్టరుగారు ప్రకటన చేసేదాకా ఆగకండి. వారానికి ఒక పూట పాతనగరంలో ఒక బస్తీకి ఇవ్వండి. అక్కడ ఇప్పటికే పనిచేస్తున్న ముస్లిం, హిందూ సోదరీమణుల పక్కన కూర్చుని, వాళ్లు చెప్పిన పని చేయండి.