మెట్లు మార్చవలెనా?



మాదాపూరులో సైబర్ టవర్స్ 1998 నవంబరు 22న ప్రారంభమైననాడు మా అబ్బాయి బడిపిల్లవాడు. వాజపేయిగారు వచ్చిన వార్తను పత్రికలో వాడిచేతనే పైకి చదివించినాను. ఇప్పుడు వాడు ఆ చుట్టుపక్కలనే ఒక సాఫ్ట్‌వేర్ సంస్థలో ఉద్యోగి. ఉద్యోగవిరమణ తరువాత నేనూ కొండాపూరులో వాడింటనే ఉంటున్నాను. పగలంతా కంప్యూటరు ముందు కూర్చొనే మావాడు శనివారం సాయంత్రం మిత్రులతో కలిసి బాస్ గిటారు వాయిస్తాడు. నాలుగు లావాటి తీగలు, పొడవైన మెడ గల వాద్యమది. పాటకు పునాదివంటి మంద్రస్వరాలను అది పలికిస్తుంది.

ఈమధ్య వాడొక పాత బాస్ గిటారు కొని తెచ్చినాడు. 1970ల నాటి ఫెండర్ ప్రెసిషన్ బాస్. దాని మెట్లు, అంటే వాళ్లు ఫ్రెట్లు అనేవి, తీగల రాపిడికి గుంతలు పడి ఉన్నవి. వాటిని పెరికించి కొత్తవి వేయిస్తానన్నాడు. "అర్ధశతాబ్ది వయస్సున్న వస్తువు. దాని చరిత్రను పెరికివేస్తావా?" అని నేను మందలించినాను.

అదే వారంలో మరొక ప్రస్తావన వచ్చినది. మా ఇంట బొబ్బిలి వీణ ఒకటున్నది. అది నా అర్ధాంగిది. ఆమె వెళ్లిపోయి ఐదేళ్లు. ఎనిమిదేళ్ల మనుమరాలు వీణ నేర్చుకొంటానన్నది. తీసి చూస్తే మైనం పగిలి ఉన్నది, మెట్లు అరిగి ఉన్నవి. తంత్రి మీటితే నాదానికి బదులు జుర్రుమనే చప్పుడు. మెట్లు మళ్లీ వేయిద్దామన్నాను. మావాడు ససేమిరా అన్నాడు. "నాన్నగారూ, అవి అమ్మ వేళ్ల గుర్తులు. పిల్లకు కొత్త వీణ కొందాం. దీని జోలికి మాత్రం పోవద్దు."

గిటారు విషయంలో నేను ఛాందసుణ్ణి, వాడు సంస్కర్త. వీణ విషయంలో వాడు ఛాందసుడు, నేను సంస్కర్తను. ఇద్దరి వాదమూ ఒకటే. ఎవరి ప్రేమ ఎక్కడున్నదో అక్కడ అది తలక్రిందులైనది. ఈ చిక్కు తీరడానికి మెట్టు అనే వస్తువు చరిత్ర ఏమిటో చూడవలెనని నాకు తోచినది.

పదమూడవ శతాబ్దిలో దేవగిరి యాదవుల ఆస్థానంలో ఉండిన శార్ఙ్గదేవుడు సంగీతరత్నాకరంలో కిన్నరీ వీణను వర్ణించినాడు. దండం మీద మెట్లు, వాటిని నిలబెట్టడానికి మైనం. ఆ పేరు మన నేల మీద ఇంకా చెరిగిపోలేదు. తెలంగాణలో పన్నెండు మెట్ల కిన్నెర ఉన్నది కదా! నాగర్‌కర్నూలు ప్రాంతపు దర్శనం మొగులయ్యగారికి 2022లో పద్మశ్రీ రావడంతో నగరవాసులకూ దాని పేరు తెలిసినది. ఆ వాద్యాన్ని మెట్ల లెక్కతోనే పిలవడం గమనింపదగినది. మెట్టు ఎంత ముఖ్యమో ఆ పేరే చెబుతున్నది.

1550లో విజయనగరపు అళియ రామరాయల ప్రోత్సాహంతో రామామాత్యుడు స్వరమేళకళానిధి రచించినాడు. అందులో వీణకు ఒక ప్రకరణమే కేటాయించి, ఏ మెట్టు ఎక్కడ ఏ స్వరానికి నిలపవలెనో వివరించినాడు. శుద్ధమేళ వీణ, మధ్యమేళ వీణ అనే వాటితోపాటు అచ్యుతరాయల పేరిట అచ్యుతరాజేంద్రమేళ వీణ అనే రకాన్నీ పేర్కొన్నాడు. ఆ కాలపు శాస్త్రగ్రంథాలలో మరొక విభాగమున్నది. ఒక రాగానికి తగినట్లు మెట్లు అమర్చుకొని, రాగం మారితే మెట్లు జరుపుకొనేది ఏకరాగమేళ వీణ. అన్ని స్వరాలకూ మెట్లుండి, దేనినీ కదపనక్కరలేనిది సర్వరాగమేళ వీణ. అనగా మన పూర్వులకు మెట్టు కదిలేదే, మార్చుకొనేదే. అది స్థిరపడడం తరువాతి కథ.

ఆ స్థిరపడడాన్ని తంజావూరు నేలిన తెలుగు రాజు రఘునాథ నాయకుని పేరుతో ముడిపెట్టడం మన సంప్రదాయం. పదిహేడవ శతాబ్ది తొలి దశాబ్దాలలో పాలించిన ఈయన కవి, వైణికుడు కూడ. ఆయన మంత్రి గోవింద దీక్షితులు. ఆ దీక్షితుల కుమారుడు వేంకటమఖి చతుర్దండీప్రకాశికలో 72 మేళాల పట్టిక నిర్మించినాడు. ఒక స్థాయికి పన్నెండు స్వరస్థానాలు, రెండు స్థాయిలకు ఇరవైనాలుగు మెట్లు. నేటి సరస్వతీ వీణ మీద ఉన్నవి అవే. మేళకర్తల లెక్క పుట్టినది వీణ మెట్ల మీదనే అంటే అతిశయోక్తి కాదనుకొంటాను.

ఇక పడమటి కథ. అక్కడ కూడ మెట్ల దూరాలకు లెక్క వెదికినారు. గెలీలియో తండ్రి విన్సెంజో గెలీలి 1581లో ప్రకటించిన గ్రంథంలో ఒక సులభసూత్రం చెప్పినాడు. తీగ పొడవును 18 భాగాలు చేసి, ఒక భాగం దూరంలో మొదటి మెట్టు పెట్టవలెను. మిగిలిన పొడవును మళ్లీ 18 చేసి రెండవ మెట్టు. ఇట్లా పోతే పన్నెండవ మెట్టు సరిగా నడుమకు రావలెను. కాని కొద్దిగా తప్పుతుంది. 34 అంగుళాల తీగకు ఇంచుమించు అంగుళంలో ఎనిమిదవ వంతు తేడా వస్తుంది. అందుచేత ఈనాడు 18కి బదులు 17.817తో భాగిస్తారు. మా వాడి గిటారు తీగ 34 అంగుళాలే. మొదటి మెట్టు 1.908 అంగుళాల దూరంలో ఉండవలెనని లెక్క. కొలిచి చూస్తే అక్కడే ఉన్నది. ఆ పూట పాఠశాల మానేసి లెక్కలయ్యవారినయినట్లు సంతోషించినాను.

1951లో అమెరికాలో లియో ఫెండర్ ఈ వాద్యాన్ని విపణికి తెచ్చినప్పుడు ప్రెసిషన్ అనే పేరు పెట్టడానికి కారణం ఆ మెట్లే. అంతకు ముందు నిలువెత్తు డబుల్ బాస్‌కు మెట్లు లేవు. స్వరం ఎక్కడున్నదో వేలు వెదుక్కోవలసినదే. మెట్లు వచ్చినవి, కచ్చితత్వం వచ్చినది, అదే పేరైనది. జాకో పాస్టోరియస్ అనే విద్వాంసుడు తన 1962 నాటి ఫెండర్ జాజ్ బాస్‌కు మెట్లే లేకుండ చేసి, ఖాళీలు పూడ్చి, పైన పడవలకు పూసే ఎపాక్సీ పూసి వాయించినాడు. దానితోనే ఆయన ప్రపంచప్రసిద్ధుడైనాడు. మెట్లు పోయినంత మాత్రాన వాద్యం చరిత్ర పోలేదు. అక్కడే చరిత్ర పుట్టినది.

గిటారు మెట్టుకూ వీణ మెట్టుకూ ముఖ్యమైన భేదమొకటి ఉన్నది. గిటారు మెట్టు కొయ్యలో కోసిన గాడిలో దిగగొట్టబడుతుంది. దాని స్థానం ఏనాడో రంపం నిర్ణయించినది. పన్నెండు శ్రుతులూ సమాన దూరంలో ఉండే రాజీ సూత్రమది. ఒక అర్ధస్వరాన్ని నూరు పాళ్లనుకొంటే, సహజమైన అంతరగాంధారం కంటె గిటారు గాంధారం 14 పాళ్లు ఎక్కువ పలుకుతుంది. వీణ మెట్టు మైనంలో కూర్చుంటుంది. మైనం వెచ్చగా ఉన్నంతసేపు దానిని వెంట్రుకవాసి జరపవచ్చును. చెవి ఒప్పుకొన్నచోట ఆపవచ్చును. ఒకదానికి ప్రమాణం గణితం, మరొకదానికి ప్రమాణం శ్రవణం.

మావాడు గిటారు మరమ్మతు చేసే యువకునివద్దకు నన్నూ తీసుకొనిపోయినాడు. ఆ యువకుడు చెప్పిన సంగతులు నాకు పాఠంవలె ఉన్నవి. ఆ గిటారుకు ఉన్నవి నికెల్ సిల్వర్ మెట్లు. పేరులో వెండి ఉన్నదే గాని లోహంలో లేదు. రాగి, నికెల్, తుత్తునాగం కలిపినది. స్టెయిన్‌లెస్ స్టీలు మెట్లయితే చాలాకాలం అరగవు. కాని పనిముట్లను అరగదీస్తాయి, స్పర్శా మారుతుంది. పరిమాణాలలోనూ భేదాలున్నవి. పాత ఫెండర్ల తరహా సన్నని మెట్టు 0.078 అంగుళం వెడల్పు, 0.043 ఎత్తు. జంబో అనేది 0.110 వెడల్పు, 0.055 ఎత్తు. మావాని చూపు జంబో మీద పడినది. "అన్నా, ఇది దానికి నప్పదు. లావు మెట్టు వేస్తే ఇది వేరే గిటారవుతుంది" అన్నాడా యువకుడు. మరొక హెచ్చరిక కూడ చేసినాడు. ఆనాటి ఫెండర్లలో మెట్లను పైనుండి కొట్టక మెడ ప్రక్కనుండి జరిపి ఎక్కించేవారట. నిలువుగా పెరికితే కొయ్య పెచ్చులు లేస్తుంది. ఎక్కినదారినే ప్రక్కకు దించవలెను. పాతదానిని తీయడానికి అది ఎట్లా వచ్చినదో తెలియవలెనన్నమాట. మేము తాళపత్రాల పాఠపరిష్కరణలో నేర్చుకొన్నది ఇంతకు మించి ఏమున్నది?

తాళపత్రం మాట వచ్చినది గనుక చెబుతాను. ఆకు శిథిలమవుతుందని తెలిసి మనవారు గ్రంథాన్ని తరతరానికీ తిరిగి వ్రాయించినారు. కడపలో బ్రౌను దొర జీతాలిచ్చి పండితులచేత ప్రతులు పోల్పించి వ్రాయించినాడు. ఆకు మారినది, గంటం మారినది, అక్షరం నిలిచినది. పాత ఆకును కాపాడుతూ ఎవరూ చదవకుండ ఉంచితే పురుగు చదువుతుంది.

ఈ మాట మావానితో అన్నాను. వాడు చాలాసేపు మాట్లాడలేదు. చివరకు, "ఒక్క మెట్టయినా పాతది ఉంచమనండి, నాన్నగారూ" అన్నాడు. ఏడవ మెట్టు, పంచమం. ఎక్కువగా గుంతపడినది అదే.

వీణ బాగుచేసే మేస్త్రిగారు ఇంటికే వచ్చినారు. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనసమ్రానును తొలిచి ఏకాండి వీణలు చేసేవారి పనితనాన్ని ఎరిగిన మనిషి. వీణను తట్టి చూసి, కొయ్య దివ్యంగా ఉన్నదన్నారు. మా కోరిక విని తల అడ్డంగా ఊపినారు. "ఒక మెట్టు పల్లమైతే తరువాతి మెట్టు తంత్రిని పట్టుకొంటుందండీ. ఆ జుర్రు పోదు. ఉంచితే అన్నీ ఉంచాలి, తీస్తే అన్నీ తీయాలి." మావాడు లేచి బాల్కనీలోకి వెళ్లినాడు. కొంతసేపటికి తిరిగివచ్చి, "తీయండి" అన్నాడు.

పాత మైనం గీకి, కొత్త మైనంలో నల్లపొడి కలిపి వెచ్చజేసి, దండి పొడవునా దిమ్మెలు కట్టి, ఇత్తడి మెట్లు ఒక్కొక్కటే కూర్చోబెట్టినారు. ముందు పన్నెండవది, తారషడ్జం. పిమ్మట పంచమం. ప్రతి మెట్టుకూ తంత్రి మీటడం, చెవి ఒగ్గడం, బొటనవ్రేలితో రవ్వంత నెట్టడం. ఏ కొలబద్దా లేదు. పంచమం దగ్గర నన్ను పిలిచి, "మీరు వినండి. అమ్మగారి శ్రుతి మీ చెవిలో ఉంటుంది గదా" అన్నారు. నేను వైణికుణ్ణి కాను. ముప్ఫై ఏళ్లకు పైగా ప్రక్కగదిలో కాపీలు దిద్దుతూ విన్నవాణ్ణి మాత్రమే. అయినా మెట్టు సరియైన చోటికి వచ్చినప్పుడు నాకు తెలిసినది.

గిటారుకు మావాడు సన్నని నికెల్ సిల్వర్ మెట్లే వేయించినాడు, పాతవాటి కొలతకే. వీణ పాత మెట్లు ఇరవైనాలుగింటికీ అంకెలు వేసి, గుడ్డలో చుట్టి, వీణపెట్టెలోనే ఒక ప్రక్కన పెట్టినాడు. నేనడగలేదు, వాడు చెప్పలేదు.

మనుమరాలు ఇప్పుడు సరళీస్వరాలలో ఉన్నది. వేలు నొప్పిగా ఉన్నదంటుంది. కొత్త మెట్లమీద ఇంకా ఏ గుర్తూ పడలేదు. అందుకు కొన్నేళ్లు పడుతుంది.

మీ ఇళ్లలో పాత వీణలు, వయొలిన్లు మూలపడి ఉంటే ఒకసారి తీసి చూడండి. వాటి కథలు వ్యాఖ్యలలో వ్రాస్తే సంతోషిస్తాను.

స్వస్తి.