సున్నా పాయింట్ల టీమ్ - ఒక చలికాలం కథ

ప్రతి ఏడూ ఫిబ్రవరి వచ్చిందంటే ఫార్ములా వన్ చూసేవాళ్ళకి ఒక జబ్బు పట్టుకుంటుంది. కొత్త కార్లు బయటికొస్తాయి, కొత్త రంగులు మెరుస్తుంటాయి, ప్రతి టీమ్ బాసూ మైకు ముందుకొచ్చి ఈసారి మా సంగతి చూడండి అంటాడు. పోయినేడు ఆఖర్న వచ్చినవాడిదీ అదే మాట. మరి మనం ఏం చేస్తాం? పోయినేటి పాయింట్ల పట్టిక తీసి చూస్తాం. అడుగున ఉన్నాడా, అయితే ఈసారీ అడుగునే అని తేల్చేస్తాం.

ఇంతకీ ఆ పట్టికని అంత నమ్మచ్చా? నా మటుకు నాకు, నమ్మకూడదని నేర్పిన టీమ్ ఒకటుంది. అది ఫోర్స్ ఇండియా. ముఖ్యంగా 2009 సీజన్ ముందు వాళ్ళ చలికాలం. పేరులో ఇండియా ఉంది కాబట్టి మనవాళ్ళలో చాలామంది పేరు విన్నారు గానీ, కథ తెలిసినవాళ్ళు తక్కువే.

ముందు కాస్త వంశవృక్షం. ఇంగ్లండులో సిల్వర్‌స్టోన్ ట్రాక్ గేటు ఎదురుగా ఒక ఫ్యాక్టరీ ఉండేది. కట్టించింది ఎడ్డీ జోర్డాన్ అనే ఐరిష్ ఆయన. 1991లో జోర్డాన్ టీమ్ ఫార్ములా వన్‌లోకి దిగింది. అదే ఏడు బెల్జియంలో, స్పా ట్రాక్ మీద, మైకేల్ షూమాకర్ అనే కుర్రాణ్ణి మొట్టమొదటిసారి ఫార్ములా వన్ రేసుకి తీసుకొచ్చింది వీళ్ళే. 1998లో మళ్ళీ అదే స్పాలో డేమన్ హిల్ వీళ్ళకి మొదటి గెలుపు తెచ్చిపెట్టాడు. 1999లో టీముల పట్టికలో మూడో స్థానం. ఆ తర్వాత పెద్ద పెద్ద కార్ల కంపెనీలు డబ్బు కుమ్మరించడం మొదలెట్టాక ఇలాంటి సొంత దుకాణం టీములు వెనకబడిపోయాయి. 2005 మొదట్లో జోర్డాన్ అమ్మేసి పక్కకి తప్పుకున్నాడు. పేరు మారకముందు ఆ ఆఖరి ఏడాది పసుపుపచ్చ కార్లో కూర్చున్న ఇద్దరిలో ఒకడు మన నారాయణ్ కార్తికేయన్, ఫార్ములా వన్‌లో మొదటి భారతీయుడు.

2006లో పేరు మిడ్‌ల్యాండ్. 2007లో స్పైకర్. 2008లో ఫోర్స్ ఇండియా. నాలుగేళ్ళలో నాలుగు పేర్లు! గేటు మీద బోర్డు మారుతోంది గానీ లోపల పనిచేసేవాళ్ళు చాలామంది వాళ్ళే. కంపెనీని ఎవడో కొంటాడు, కొత్త ఐడీ కార్డు ఇస్తారు, సీటు మాత్రం అదే ఉంటుంది చూడండి, అలా అన్నమాట.

2007 అక్టోబరులో విజయ్ మాల్యా, మిషిల్ మోల్ అనే డచ్ వ్యాపారి కలిసి ఈ టీమ్‌ని 8.8 కోట్ల యూరోలకి కొన్నారు. 2008లో ఫెరారీ ఇంజిన్, డ్రైవర్లు జాంకార్లో ఫిసికెల్లా, ఏడ్రియన్ సూటిల్. 18 రేసులు. మొత్తం పాయింట్లు సున్నా. 11 టీముల్లో పదో స్థానం. ఆ పదకొండో టీమ్ సూపర్ అగురి నాలుగు రేసులకే మూసేసి వెళ్ళిపోయింది కాబట్టి, నిజానికి వీళ్ళే ఆఖరు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. అప్పట్లో పాయింట్లు మొదటి ఎనిమిది మందికే. తొమ్మిదో స్థానంలో వచ్చినా సున్నానే, ఇరవయ్యో స్థానంలో వచ్చినా సున్నానే. అంటే ఆ పట్టికకి ఎనిమిది తర్వాత కళ్ళు కనపడవు. స్పెయిన్‌లో ఫిసికెల్లా పదోవాడిగా వచ్చాడు, పట్టికలో లేదు. మొనాకోలో వర్షం. సూటిల్ వెనక వరసల నుంచి ఒక్కొక్కణ్ణీ దాటుకుంటూ నాలుగో స్థానానికి వచ్చేశాడు. కొద్ది ల్యాప్‌లే మిగిలి ఉన్నాయి. సొరంగం దాటాక బ్రేకులు వేసే చోట కిమీ రైకొనెన్ ఫెరారీ అదుపు తప్పి వెనకనుంచి గుద్దేసింది. కారు పాడై రేసు అక్కడితో అయిపోయింది. గ్యారేజీకొచ్చి ఆ అబ్బాయి ఏడ్చేశాడు. అదీ పట్టికలో లేదు. అక్కడున్నది ఒక గుండ్రటి సున్నా, అంతే.

అలాగని సున్నా ఉత్త అబద్ధం కూడా కాదు. మొనాకోలో వాన సాయం చేసింది. పొడి ట్రాక్ మీద ఆ కారు నెమ్మదే. ఆ మాట టీమ్‌లో అందరికీ తెలుసు. అందుకే 2008 నవంబరులో మాల్యా ఇల్లు మొత్తం సర్దాడు. టీమ్ బాస్ కోలిన్ కోలెస్, సాంకేతిక విభాగం పెద్ద మైక్ గాస్కోయిన్, ఇద్దరూ వెళ్ళిపోయారు. ఫెరారీతో ఒప్పందం ముగిసింది. నవంబరు 10న మెక్‌లారెన్-మెర్సిడెస్‌తో ఐదేళ్ళ ఒప్పందం ప్రకటించారు. మెర్సిడెస్ ఇంజిన్ ఒక్కటే కాదు, గేర్‌బాక్సూ హైడ్రాలిక్సూ కూడా మెక్‌లారెన్ దగ్గర్నుంచే.

బయటనుంచి చూసేవాడికి ఇది పిచ్చిపనే. మొదటి రేసు 2009 మార్చి 29న. అంటే చేతిలో ఉన్నది నాలుగున్నర నెలలు. ఇంజిన్ మారితే దాని చుట్టూ ఉన్న కారంతా మారాలి... గాలి పోయే దారులు, రేడియేటర్లు, వెనక సస్పెన్షన్, అన్నీ. రిలీజుకి ముందు డేటాబేస్ మార్చేద్దాం అని మేనేజరు వచ్చి చెబితే ఎలా ఉంటుందో ఊహించుకోండి :) కొత్త కారు ట్రాక్ మీదకి వచ్చేసరికి మొదటి రేసు ఇంక నెల్లాళ్ళే. మిగతా టీములు అప్పటికే టెస్టుల్లో బోలెడు కిలోమీటర్లు తిరిగేశాయి.

కానీ లోపల లెక్క వేరు. చిన్న టీమ్‌కి ఉండేదే కొద్దిమంది ఇంజినీర్లు. వాళ్ళలో కొందరు గేర్‌బాక్స్ మీద, కొందరు హైడ్రాలిక్స్ మీద కూర్చుంటే, అన్నీ అంతంతమాత్రంగా తయారవుతాయి. గేర్‌బాక్స్ మీద ఎంత కష్టపడ్డా మెక్‌లారెన్ వాళ్ళకంటే మంచిది చెయ్యలేరు. మరి ఎందుకు చెయ్యడం? అది కొనేసి, ఉన్నవాళ్ళందర్నీ కారు మీద గాలి ఎలా పారాలి అనే పని మీద పెడితే? మన భాషలో చెప్పాలంటే, ఏది కొనాలి, ఏది సొంతంగా రాసుకోవాలి అనే పాత తగువే ఇది. అన్నీ మనమే రాసుకోవాలనే పంతం పెద్ద కంపెనీకి చెల్లుతుంది, చిన్న కంపెనీని మింగేస్తుంది.

దీనికి తోడు ఆ ఏడాది రూల్స్ మొత్తం మారాయి. నున్నటి స్లిక్ టైర్లు తిరిగొచ్చాయి. ముందు రెక్క వెడల్పయింది, వెనక రెక్క సన్నబడి పైకి వెళ్ళింది. ఏళ్ళ తరబడి అందరూ పోగేసుకున్న జ్ఞానంలో పెద్ద ముక్క చెత్తబుట్టలోకి పోయింది. సీజన్ మొదలయ్యాక ప్రైవేటు టెస్టింగ్ నిషేధం. అంటే డబ్బున్నవాడు రోజూ ట్రాక్ మీద తిరిగి కారు బాగుచేసుకోడానికి లేదు. ఇవన్నీ వెనకున్నవాడికి కలిసొచ్చేవే. డిసెంబరు 5న హోండా అంతటి కంపెనీ ఈ ఖర్చు మావల్ల కాదని తప్పుకుంది. ఆ టీమే బ్రాన్ పేరుతో, అదే మెర్సిడెస్ ఇంజిన్‌తో 2009 ఛాంపియన్ అయింది. ఆ కథ అందరికీ తెలుసు, సినిమా కథలాంటిది. పక్కనే జరిగిన ఈ చిన్న కథని మాత్రం పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు.

సరే, సీజన్ మొదలైంది. మెల్‌బోర్న్‌లో సూటిల్ తొమ్మిది. ఒక్క స్థానంలో పాయింటు పోయింది. చైనాలో వర్షం, సూటిల్ ఆరో స్థానంలో ఉన్నాడు, ఆరు ల్యాప్‌లుండగా జారి గోడకి కొట్టుకున్నాడు. మొనాకోలో ఫిసికెల్లా తొమ్మిది. జర్మనీలో సూటిల్ ఏడో స్థానం నుంచి మొదలెట్టి బాగా పోతున్నాడు, పిట్‌స్టాప్ నుంచి బయటికి రాగానే మళ్ళీ రైకొనెన్‌తోనే గుద్దుకున్నాడు! పగవాడికి కూడా వద్దు. 11 రేసులయ్యేసరికి సున్నా. 2008 కూడా కలుపుకుంటే 29 రేసులు, సున్నా. పట్టిక చూసేవాడు ఏమంటాడు? చెప్పానా, వీళ్ళింతే అంటాడు.

30వ రేసు స్పాలో, 2009 ఆగస్టు 30న.

స్పా సంగతి కొంచెం చెప్పాలి. ఏడు కిలోమీటర్ల ట్రాక్, పొడవాటి స్ట్రెయిట్‌లు, వేగమైన మలుపులు. రేసు కార్లో రెండు బలాలకి ఎప్పుడూ గొడవ. గాలి కారుని నేలకి నొక్కితే మలుపుల్లో పట్టు దొరుకుతుంది. కానీ ఆ రెక్కలే గాలికి అడ్డుపడి స్ట్రెయిట్ మీద వెనక్కి లాగుతాయి. ఫోర్స్ ఇండియా వాళ్ళ కారుకి నొక్కుడు పెద్ద టీములంత లేదు, గాలికి అడ్డు మాత్రం చాలా తక్కువ. నెమ్మది మలుపులుండే చోట అది శాపం. స్పాలో, తర్వాతి రేసు మోంజాలో అదే వరం. వెనకాల మెర్సిడెస్ ఇంజిన్ ఉండనే ఉంది.

శనివారం క్వాలిఫయింగ్‌లో 36 ఏళ్ళ ఫిసికెల్లా అందరికంటే ముందు. పోల్ పొజిషన్! ఆదివారం మొదటి ల్యాప్‌లోనే గుద్దులాటలై సేఫ్టీ కారు వచ్చింది. రేసు మళ్ళీ మొదలవగానే రైకొనెన్ (ఇంకెవరు!) ఫెరారీలో ఉన్న కెర్స్ నొక్కాడు. బ్రేకులేసేటప్పుడు వృథాగా పోయే శక్తిని దాచి, ల్యాప్‌కి ఆరున్నర సెకన్లపాటు అదనంగా 80 గుర్రాల బలం ఇచ్చే యంత్రం అది. ఫోర్స్ ఇండియా కార్లో లేదు. ముందుకెళ్ళిపోయాడు. అక్కణ్ణుంచి చివరిదాకా ఫిసికెల్లా అతని తోక వదల్లేదు. గీత దాటేటప్పుడు తేడా సెకను కూడా లేదు. రెండో స్థానం, 8 పాయింట్లు.

ఆ వారంలోనే ఫెరారీ ఫిసికెల్లాని పిలిచి తీసుకెళ్ళిపోయింది. ఇటలీ వాడికి అంతకంటే ఏం కావాలి. ఫెరారీలో అతనికి మిగతా ఐదు రేసుల్లో ఒక్క పాయింటూ రాలేదు. ఇక్కడ మాత్రం మోంజాలో సూటిల్ రెండో స్థానం నుంచి మొదలెట్టి నాలుగో స్థానంలో వచ్చాడు, రేసులో అత్యంత వేగమైన ల్యాప్ కూడా అతనిదే. ఒకవేళ అంతా డ్రైవర్ మహిమే అనుకుంటే దానికి జవాబు ఇది.

మరీ పొగడక్కర్లేదు. ఆ తర్వాత నాలుగు రేసుల్లో మళ్ళీ సున్నా. మొత్తం 13 పాయింట్లు, తొమ్మిదో స్థానం. కానీ చలికాలంలో వేసిన లెక్క తప్పలేదని తేలింది. 2010లో ఏడు, 2011లో ఆరు, 2015లో ఐదు, 2016లోనూ 2017లోనూ నాలుగు. సుమారు 400 మందితో నడిచే టీమ్‌కి ముందున్నవి మెర్సిడెస్, ఫెరారీ, రెడ్ బుల్ మాత్రమే. కొనాల్సింది కొని, చెయ్యగలిగింది చెయ్యడం అనే ఆ పద్ధతి ఆఖరిదాకా వదల్లేదు. మరోపక్క డబ్బుకి లోటు లేని బీఎండబ్ల్యూ, టయోటా రెండూ 2009లోనే దుకాణం కట్టేశాయి.

ఇక పేరులోని ఇండియా సంగతి. ఒక్క భారతీయుడు కూడా ఈ టీమ్ తరఫున రేసు నడపలేదు. డబ్బు మాత్రం మనవాళ్ళదే. 2011లో సహారా వాళ్ళు 10 కోట్ల డాలర్లకి 42.5 శాతం వాటా తీసుకున్నారు. 2012లో కింగ్‌ఫిషర్ విమానాలు ఆగిపోయాయి. నెలల తరబడి జీతాల్లేక ఉద్యోగులు రోడ్డున పడ్డారు. ఆదివారం వచ్చేసరికి టీవీలో మాత్రం కార్లు తిరుగుతూనే ఉన్నాయి. ఇది తలుచుకుంటే ఈ టీమ్‌ని మనస్ఫూర్తిగా మన టీమ్ అనడానికి నోరు రాదు. సిల్వర్‌స్టోన్‌లో రాత్రుళ్ళు పనిచేసిన ఇంజినీర్లది ఆ తప్పు కాదు, నిజమే. కానీ జీతం రాని ఎయిర్ హోస్టెస్‌ది కూడా కాదు కదా.

ఆ సెగ చివరికి వాళ్ళకీ తగిలింది. 2018 జులైలో పట్టిక తీసి చూస్తే ఫోర్స్ ఇండియా 59 పాయింట్లతో ఆరో స్థానంలో దర్జాగా ఉంది. అదే నెల 27న టీమ్ దివాలా ప్రక్రియలోకి వెళ్ళింది. కోర్టుకెళ్ళింది ఎవరనుకున్నారు, రావాల్సిన డబ్బు రాని సొంత డ్రైవర్ సెర్జియో పెరెజ్! టీమ్ పూర్తిగా మూతపడకుండా కాపాడ్డానికే వెళ్ళానన్నాడు. 405 మంది ఉద్యోగాలు గాల్లో. ఆగస్టులో కెనడా వ్యాపారి లారెన్స్ స్ట్రోల్ బృందం కొనడంతో ఊపిరి పీల్చుకున్నారు. అయితే కొత్త కంపెనీ, కొత్త ఎంట్రీ కాబట్టి ఆ 59 పాయింట్లూ చెరిపేశారు.

మళ్ళీ సున్నా నుంచి మొదలు. ఎక్కడో తెలుసా? స్పాలో. క్వాలిఫయింగ్‌లో మూడు, నాలుగు. రేసులో ఐదు, ఆరు. అవే చేతులు, అదే కారు. 2020లో రేసింగ్ పాయింట్ పేరుతో పెరెజ్ వాళ్ళకి ఒక రేసు గెలిచిపెట్టాడు. 2021 నుంచి గేటు మీద బోర్డు ఆస్టన్ మార్టిన్.

అంటే ఆ పట్టిక రెండుసార్లు మోసం చేసింది. 2009 మొదట్లో సున్నా చూపించి లోపల జరుగుతున్న మంచి పనిని దాచింది. 2018లో ఆరో స్థానం చూపించి ఖాళీ ఖజానాని దాచింది. కాబట్టి ఈసారి ఫిబ్రవరిలో ఏదో చిన్న టీమ్ గురించి ఎవరైనా పెదవి విరిస్తే పాయింట్లు అడక్కండి. ఈ చలికాలం వాళ్ళు ఏ పని మానేశారు, ఏ పని మీద కూర్చున్నారు అని అడగండి. ఆ తర్వాత ఇంకొకటి... వాళ్ళకి జీతాలు టైముకి పడుతున్నాయా అని.

రెండోది మన ఆఫీసుల గురించి కూడా అడగచ్చు లెండి.