తుపాకీ శిక్షణ సర్టిఫికెట్ సౌదీలో చెల్లుతుందా? మన కుటుంబాలు తెలుసుకోవాల్సిన విషయాలు

సౌదీలో ఉంటున్న తెలుగు కుటుంబాల్లో చాలామందికి అమెరికాలో చదువుకునే పిల్లలో, ఉద్యోగం చేసే బంధువులో ఉంటారు. అక్కడ కాల్పుల వార్త వచ్చినప్పుడల్లా "ఆత్మరక్షణకు పిస్టల్ వాడకం నేర్చుకుంటే మంచిదేమో" అన్న మాట ఇళ్లలో వినిపిస్తుంది. నేర్పే స్కూళ్లు అమెరికాలో చాలానే ఉన్నాయి. అక్కడ పరీక్ష పాసై సర్టిఫికెట్ తెచ్చుకుంటే రియాద్‌లోనో, జెద్దాలోనో, దమ్మాంలోనో అది పనికొస్తుందా? పనికిరాదు. శిక్షణ వేరు, లైసెన్సు వేరు. ఈ తేడా తెలియకపోతే ఉద్యోగానికీ వీసాకీ ముప్పు.

ఆ స్కూళ్లలో ఏం నేర్పుతారు?

ఈ తరహా స్కూళ్లలో బాగా పేరున్నది గన్‌సైట్. అమెరికా మెరైన్ దళంలో అధికారిగా పనిచేసిన జెఫ్ కూపర్ 1976లో అరిజోనా రాష్ట్రంలోని పాల్డెన్ దగ్గర దీన్ని ప్రారంభించారు. పోలీసులు, సైనికులతో పాటు మామూలు పౌరులకూ ఇక్కడ నేర్పుతారు. కూపర్ చెప్పిన నాలుగు భద్రతా సూత్రాలను ఈ రోజుకీ చాలా స్కూళ్లు మొదటి పాఠంగా చెబుతాయి. ప్రతి తుపాకీలోనూ తూటా ఉందనే అనుకోవాలి. కాల్చకూడని దేనివైపూ గొట్టం తిప్పకూడదు. గురి కుదిరేదాకా ట్రిగ్గర్ మీద వేలు పెట్టకూడదు. లక్ష్యం ఏమిటో, దాని వెనక ఏముందో తెలియకుండా కాల్చకూడదు.

పరీక్షలు ఎలా ఉంటాయి?

కూపర్ రూపొందించిన 'ఎల్ ప్రెసిడెంటే' పరీక్షలో సుమారు 10 మీటర్ల దూరంలో మూడు లక్ష్యాలు ఉంటాయి. వాటికి వీపు పెట్టి నిలబడిన వ్యక్తి, సంకేతం రాగానే తిరిగి, పిస్టల్ తీసి ఒక్కో లక్ష్యం మీద రెండేసి తూటాలు కాల్చాలి. వెంటనే మళ్లీ తూటాలు నింపుకుని ఇంకో రెండేసి కాల్చాలి. మొత్తం 12 తూటాలు. 10 సెకన్లలో ముగిస్తే మంచి నైపుణ్యం ఉన్నట్టు లెక్క.

జార్జియా రాష్ట్రంలోని రోజర్స్ స్కూల్ పరీక్ష ఇంకా కష్టం. లక్ష్యాలు క్షణకాలం కనిపించి మాయమవుతాయి. ఒంటి చేత్తో, అదీ అలవాటు లేని చేత్తో కూడా కాల్చాలి. మొత్తం 125లో 70 కొడితే బేసిక్, 90 కొడితే ఇంటర్మీడియట్, 110 కొడితే అడ్వాన్స్‌డ్ స్థాయి ఇస్తారు.

ఇవన్నీ చేతి వేగాన్నీ గురినీ కొలిచే పరీక్షలు. ఆ మార్కులు తుపాకీ పట్టుకునే హక్కు ఇవ్వవు. ఆ హక్కు ఏ దేశంలో ఉంటే ఆ దేశపు చట్టం ఇవ్వాల్సిందే.

వీసా మీద అమెరికా వెళ్లేవారికి

ఇక్కడే చాలామంది పొరబడతారు. విజిటర్ వీసా, స్టూడెంట్ ఎఫ్-1, ఉద్యోగుల హెచ్-1బి లాంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవారు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడాన్ని అమెరికా ఫెడరల్ చట్టం నిషేధించింది. రాష్ట్రం ఇచ్చిన వేట లైసెన్సు ఉండటం లాంటి కొద్ది మినహాయింపులే ఉన్నాయి. షూటింగ్ రేంజ్‌లో గంటసేపు అద్దెకు తీసుకున్నా అది దగ్గర ఉంచుకోవడం కిందికే వస్తుంది. గ్రీన్ కార్డు ఉన్నవారికి ఈ నిషేధం వర్తించదు. పిల్లలు స్నేహితులతో సరదాగా రేంజ్‌కు వెళ్తామంటే ముందే ఈ సంగతి చెప్పండి.

సౌదీలో ఏం చేయకూడదు?

సౌదీలో ఆయుధాలు, మందుగుండు చట్టం 2005లో రాజ శాసనంతో వచ్చింది. లైసెన్సు ఇచ్చే అధికారం ఇక్కడి అంతర్గత వ్యవహారాల శాఖది. లైసెన్సు లేకుండా తుపాకీ గానీ తూటాలు గానీ ఉంటే జైలు, జరిమానా. విదేశీయులకు శిక్ష తర్వాత దేశ బహిష్కరణ కూడా ఉండొచ్చు. ఇఖామా మీద బతికే కుటుంబాలు సొంత తుపాకీ ఆలోచన పెట్టుకోకపోవడమే క్షేమం.

ఎక్కువ జాగ్రత్త పడాల్సింది హౌస్ డ్రైవర్లు, మజ్రాల్లో పనిచేసేవారు, గొర్రెల కాపరులు. కఫీల్‌కు లైసెన్సు ఉన్న తుపాకీ ఇంట్లోనో కారులోనో ఉండొచ్చు. ఆ లైసెన్సు ఆయనదే, మీది కాదు. తుడవమన్నా, ఇంకోచోటికి చేర్చమన్నా 'మమ్నూ', అంటే నిషేధమని మర్యాదగా చెప్పి ఆయన్నే తీసుకోమనండి. కారులో ఆయన లేకుండా తుపాకీ ఉంటే బండి కదపకండి. చెక్‌పోస్టులో మొదట జవాబు చెప్పాల్సింది స్టీరింగ్ ముందున్నవారే.

పెళ్లిళ్లలో గాల్లోకి కాల్చే చోట నిలబడకండి. తుపాకీ పట్టుకుని ఫొటో దిగి వాట్సాప్ స్టేటస్, టిక్‌టాక్‌లలో పెట్టకండి. అలాంటి వీడియోలు చూసి సౌదీ పోలీసులు అరెస్టులు చేస్తూనే ఉన్నారు. ఎక్కడైనా వదిలేసిన ఆయుధం కనబడితే ముట్టుకోకుండా పోలీసులకు చెప్పండి. రియాద్, మక్కా ప్రాంతాల్లోనూ తూర్పు ప్రావిన్సులోనూ 911కు ఫోన్ చేయవచ్చు.

లగేజీలో ఒక్క తూటా చాలు

జ్ఞాపికగా తెచ్చుకున్న తూటా, కీచెయిన్‌కు తగిలించిన ఖాళీ తొడుగు, అచ్చం పిస్టల్‌లా ఉండే బొమ్మ, ఎయిర్‌గన్ ఛర్రాలు... ఏదైనా స్కానర్‌లో పడితే ప్రయాణం ఆగిపోతుంది. శంషాబాద్‌లో తూటా దొరికితే 1959 ఆయుధాల చట్టం కింద కేసు పెడతారు. తెలిసి ఉంచుకుంటేనే నేరమని మన కోర్టులు చెప్పాయి. కానీ అది తేలేలోపు ఫ్లైట్ పోతుంది, రీఎంట్రీ గడువూ దాటిపోవచ్చు. ఊళ్లో ఎవరైనా "మావాడికి ఇవ్వండి" అని పార్శిల్ ఇస్తే విప్పి చూశాకే పెట్టెలో పెట్టుకోండి. ఎవరైనా కేసులో చిక్కుకుంటే రియాద్‌లోని భారత రాయబార కార్యాలయానికి గానీ, జెద్దాలోని కాన్సులేట్‌కు గానీ వెంటనే తెలపండి. అరబిక్‌లో రాసిన కాగితం అర్థం కాకుండా సంతకం చేయొద్దని లోపల ఉన్నవారికి చెప్పండి.

పిల్లలకు నిజంగా ఆసక్తి ఉంటే

గురి చూసి కొట్టడం మీద ఇష్టం ఉన్న పిల్లలకు క్రీడగా నేర్చుకునే దారి మన దగ్గరే ఉంది. హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో కాంస్యం గెలిచారు. హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల్లో పిస్టల్ విభాగాల్లో నాలుగు పతకాలు సాధించింది. 10 మీటర్ల ఎయిర్ పిస్టల్‌లో 60 షాట్లు, 600 పాయింట్లు. పది పాయింట్ల వలయం వెడల్పు 11.5 మిల్లీమీటర్లే. సెలవుల్లో హైదరాబాద్ వెళ్లినప్పుడు గుర్తింపు ఉన్న రేంజ్‌లో కోచ్ దగ్గర చేర్పించవచ్చు. తుపాకీని రేంజ్‌లోనే వదిలి, ఆటను మాత్రమే వెంట తెచ్చుకోండి.