నిప్పురవ్వ అక్కరలేని విమానపు ఇంజను

పొలము గట్టున బావినీరు తోడు ఆయిల్ ఇంజనును చూడని తెలుగువారు అరుదు. చేతితో బలముగా తిప్పిన చాలును, అది రెండు మార్లు దగ్గి, లేచి పనికి పూనుకొనును. దానికి బ్యాటరీ లేదు, మాగ్నెటో లేదు, స్పార్కు ప్లగ్గు లేదు. సిలిండరులో చిక్కిన గాలిని పిస్టను పదునారవ వంతునకు అదిమివేయగా ఆ గాలియే నిప్పువలె కాగును. అందులోనికి చిమ్మిన నూనె తుంపర తనంతట తానే అంటుకొనును. జర్మను ఇంజనీరు రుడాల్ఫ్ డీజెల్ 1897లో నడిపి చూపిన సూత్రమిదే. అంతటి ఒత్తిడిని ఓర్చుకొనుటకు ఇంజను దిట్టముగా, అనగా బరువుగా, ఉండక తప్పదు. అట్టి దానిని ఆకాశమునకు ఎత్తవలెనను సాహసము ఎట్లు పుట్టినదో, అది ఏ మలుపులు తిరిగి చిన్న విమానములకు చేరినదో ఈ ప్రసంగములో చెప్పుదును.

అమెరికాలో పేకర్డు మోటారుకార్ల కంపెనీలో లయొనెల్ వుల్సన్ అను ఇంజనీరు ఉండెను. ఆయన రూపొందించిన తొమ్మిది సిలిండర్ల డీజెల్ ఇంజను 1928 సెప్టెంబరు 19న మిషిగన్ రాష్ట్రములో ఒక స్టిన్సన్ విమానమును గాలిలోనికి లేపినది. విమానమును మోసిన మొదటి డీజెల్ ఇంజను అదే. దాని శక్తి 225 అశ్వబలము. అందు వాడు నూనె పెట్రోలువలె భగ్గున మండదు. పైగా కొద్ది నూనెతో చాల దూరము పోవచ్చును. ఇక మూడవ సుగుణము రేడియో శ్రోతలకు ప్రత్యేకముగా రుచించును. పెట్రోలు ఇంజనులో ఎడతెగక ఎగయు విద్యుత్ రవ్వలు విమానములోని రేడియోలో కరకర ధ్వనిని పుట్టించును. వీధిలో మోటారు సైకిలు పోవునపుడు మన సెట్టులో వినవచ్చు చప్పుడు ఆ జాతిదే. డీజెల్ ఇంజనులో రవ్వయే లేదు గనుక ఆ బెడదయు లేదు.

1931 మే నెలలో వాల్టర్ లీస్, ఫ్రెడరిక్ బ్రాసీ అను ఇద్దరు వైమానికులు ఈ ఇంజను గల బెలాంకా విమానముపై ఫ్లోరిడా తీరమున నడుమ నూనె పోయకుండ 84 గంటల 32 నిమిషములు ఎగిరిరి. 1986లో వాయేజరు విమానము దానిని మించువరకు ఆ రికార్డు చెక్కు చెదరలేదు. దానిని చూచుటకు వుల్సన్ మిగులలేదు. అంతకు ముందటి ఏప్రిలులో, 1930లో, ఆయన పయనించు విమానము మంచు తుపానులో చిక్కి కూలిపోయినది. ఇంజనుకును ఆయుర్దాయము తక్కువే అయినది. దాని పొగ కంపు, అదురు పైలట్లకు రోత పుట్టించినవి. ఇంతలో పెట్రోలులో సీసపు రసాయనము కలిపి మేలురకము చేయుట అలవడి, పెట్రోలు ఇంజన్లు తేలికగా ఉండియే బలము పెంచుకొన్నవి. 1933లో పేకర్డు కంపెనీ ఆ పని మానుకొన్నది.

ఇంగ్లాండులోని అనుభవము మరింత విషాదకరము. ఆర్-101 అను బ్రహ్మాండమైన వాయునౌక 1930 అక్టోబరు 4 సాయంకాలము నాటి ఇండియాలోని కరాచీకి బయలుదేరినది. ఉష్ణదేశములలో పెట్రోలు ప్రమాదకరమని తలచి దానికి ఐదు డీజెల్ ఇంజన్లు అమర్చిరి; అవి మోయరాని బరువు. పెట్రోలునకు భయపడినవారు నౌకను తేల్చు సంచులలో మాత్రము హైడ్రోజనునే నింపిరి! మరునాటి తెల్లవారకముందే ఫ్రాన్సులోని బోవే వద్ద అది నేలకు తగిలి మండిపోయి, 54 మందిలో 48 మంది మరణించిరి. కూలుటకు ఇంజన్లు కారణము కాకపోయినను, డీజెల్ పేరు ఆ కథతో ముడివడి నిలిచినది.

నిజముగా డీజెల్‌ను ఆకాశములో కాపురము చేయించినది జర్మనీలోని యుంకర్సు సంస్థ. దాని యూమో 205 ఇంజనులో ఒక్కొక్క సిలిండరునందు రెండేసి పిస్టనులు ఎదురెదురుగా వచ్చి నడుమ గాలిని అదుమును. సముద్రముపై గంటల తరబడి ఒకే వేగముతో పోవు డోర్నియర్ విమానములకు అది చక్కగా కుదిరినది. యుద్ధ విమానములలో, మాటిమాటికి వేగము మార్చవలసినచోట, మొరాయించినది. రెండవ ప్రపంచయుద్ధము పిదప జెట్ ఇంజను రాగా దాని కథయు ముగిసినది.

అయితే జెట్ విమానములు వాడునది కిరోసిను జాతి నూనె. అది ప్రతి పెద్ద విమానాశ్రయములోను దొరకును. చిన్న విమానములకు కావలసిన సీసపు పెట్రోలు పెక్కుచోట్ల దొరకదు, దొరికినను ప్రియము. డీజెల్ ఇంజను జెట్ నూనెతోను నడచును. జర్మనీలో టీలర్ట్ అను సంస్థ మెర్సిడెస్ కారు ఇంజనును మలచి, 135 అశ్వబలము గల విమానపు ఇంజనుగా 2002లో అనుమతి పొందినది. ఆస్ట్రియాలోని డైమండు సంస్థ దానిని తన చిన్న విమానములకు అమర్చినది. పూర్వము పైలటు మూడు పిడులను సవరించుకొనుచుండెను. ఇపుడు ఒక్క పిడి చాలును. గాలి ఒత్తిడిని, వేడిమిని, ఇరుసు వేగమును కొలిచి, ఎంత నూనె ఎప్పుడు చిమ్మవలెనో, ప్రొపెల్లరు రెక్కలు ఎంత తిరుగవలెనో కంప్యూటరే నిర్ణయించును. ఒకటి చెడినచో నడుపుటకు రెండవది సిద్ధముగా ఉండును.

ఇక్కడనే చిక్కు దాగియున్నది. 2007 మార్చి 4న జర్మనీలోని ష్పేయర్ వద్ద, రెండింజనుల డైమండు విమానమొకటి బ్యాటరీ నీరసించియుండగా బయటి విద్యుత్తు సాయముతో బయలుదేరినది. నేల విడువగానే పైలటు చక్రములను లోనికి ముడిచెను. ఆ పంపు లాగుకొన్న విద్యుత్తు వలన వోల్టేజి రెప్పపాటు కాలము పడిపోయినది. అంతటితో కంప్యూటర్లన్నియు ఆగి, మరల మొదటినుండి లేచినవి. ఈలోగా రెండు ఇంజన్లును నిలిచినవి. విమానము నేలకు దిగజారినది; ప్రాణనష్టము మాత్రము లేదు. దీనికి కంప్యూటరును నిందించుట నాకు న్యాయముగా తోచదు. కాపలాకు ఇద్దరిని పెట్టి, ఇద్దరికిని ఒకే కుండలో అన్నము వండినట్లున్నది ఆ ఏర్పాటు. వుల్సన్ ఇంజను విద్యుత్తు ఊసే లేక మూడున్నర రోజులు ఎగిరినదను సంగతి ఇచట స్మరింపదగినది.

పిదప కంప్యూటర్లకు వేరుగా చిన్న బ్యాటరీలు ఏర్పరచిరి. టీలర్ట్ సంస్థ 2008లో దివాలా తీయగా, 2013లో కాంటినెంటల్ సంస్థ దానిని కొన్నది. డైమండు వారు అప్పటికే మరియొక మెర్సిడెస్ ఇంజను ఆధారముగా తమ సొంత డీజెల్ ఇంజనును రూపొందించి, 2009లో దానికి అనుమతి సంపాదించియుండిరి.