మాకన్నా ముందే వచ్చిన మోరీ

అమెరికా చరిత్ర అనగానే మనవాళ్లకు లింకన్, కెనడీ, చంద్రుడి మీద అడుగు గుర్తొస్తాయి. నేను కాపురముండే వర్జీనియా చరిత్రను మురుగునీటి వెంట నడిచి కూడా చెప్పుకోవచ్చు. మా వీధి మోరీ చివరికి చేరేది వాషింగ్టన్ దక్షిణపు కొసన, పొటోమాక్ నది ఒడ్డున ఉన్న బ్లూ ప్లెయిన్స్‌కు. నూటయాభై ఎకరాల పైచిలుకు మురుగు శుద్ధి కేంద్రం (ఎస్టీపీ) అది. రోజుకు సగటున 145 కోట్ల లీటర్లు శుద్ధి చేయగలదు. 2021లో హైదరాబాద్‌కు మంజూరైన 31 ఎస్టీపీల సామర్థ్యం మొత్తం కూడినా అంతకు తక్కువే.

ఇక్కడివాళ్లు పుట్టుకతో శుభ్రమైనవాళ్లేం కాదు. పంతొమ్మిదో శతాబ్దంలో వైట్‌హౌస్‌కు కూతవేటు దూరంలో పారిన కాలువ ఊరి మురికంతా మోసేది. కంపు భరించలేక 1870లలో దాన్ని పూడ్చి, కప్పేశారు. ఇప్పుడు పర్యాటకులు ఫొటోలు దిగే కాన్‌స్టిట్యూషన్ అవెన్యూ దాని మీదే ఉంది. 1841లో అధ్యక్షుడు హారిసన్ పదవి చేపట్టిన నెలకే పోయాడు. న్యుమోనియా అని పుస్తకాలు చెబుతాయి. వైట్‌హౌస్‌కు నీళ్లొచ్చే ఊటకు ఎగువన మలం పారబోసేవారని, ఆయన్ని చంపింది ఆ నీళ్లే కావచ్చని 2014లో ఇద్దరు పరిశోధకులు వాదించారు. రుజువు కాని మాటే, అయినా నమ్మబుద్ధేస్తుంది.

బ్లూ ప్లెయిన్స్ 1937లో మొదలైంది. అప్పట్లో మడ్డిని అడుక్కు దిగనిచ్చి, పైనీళ్లను నదిలోకి వదలడమే దాని పని. సూక్ష్మజీవులతో మురికిని తినిపించే రెండో దశ 1959లో చేరింది. ఈలోపు రాజధాని జనం పెరిగారు, నది పచ్చటి నాచుతో కుళ్లిపోయింది. 1965లో అధ్యక్షుడు జాన్సన్ పొటోమాక్ దేశానికే తలవంపు అన్నాడు. 1971లో వాషింగ్టన్ నగరం నదిలో ఈతను నిషేధించింది. మరుసటి ఏడు పరిశుభ్ర జలాల చట్టం వచ్చింది. ఖర్చు ఎక్కువని నిక్సన్ వీటో చేస్తే, కాంగ్రెస్ ఆ వీటోను కొట్టేసి మరీ తెచ్చుకుంది. కొత్త ప్లాంట్ల నిర్మాణంలో 75 శాతం దాకా కేంద్రమే ఇచ్చింది. అమెరికాలో అన్నీ ప్రైవేటువాళ్లే చేస్తారని నమ్మే మిత్రులు ఈ అంకెను కాస్త గుర్తుంచుకోవాలి.

ఆ డబ్బుతో ముందు నాచుకు మేతైన ఫాస్ఫరస్ పట్టారు. చెసపీక్ అఖాతాన్ని కాపాడాలని చుట్టుపక్కల రాష్ట్రాలు 1987లో ఒప్పందం చేసుకున్నాక నైట్రోజన్ వంతు వచ్చింది. దాని మీద 2010 దాటాక కూడా పని సాగుతూనే ఉంది. నది అడుగున గడ్డి మళ్లీ మొలిచింది.

మనవాళ్లకు నేను ముఖ్యంగా చెప్పదలిచింది ఒక పైపు సంగతి. దానికోసం 1960లో కాంగ్రెస్ ఓ చట్టం చేసింది. డల్లెస్ విమానాశ్రయం కడుతున్నారు. దాని మురుగును నగరం దాకా తేవాలి. విమానాశ్రయానికి మాత్రమే సరిపోయే పైపు వేసి ఊరుకోవచ్చు. అలా చేయలేదు. చుట్టూ పాడిపశువుల పొలాలున్న రోజుల్లోనే, రేపు అక్కడ లేచే ఊళ్లను కూడా లెక్కలోకి తీసుకుని, ఎనభై కిలోమీటర్ల పొడవున పొటోమాక్ ఇంటర్‌సెప్టర్ వేశారు. ఇప్పుడా పొలాల్లో స్టెర్లింగ్ లాంటి ఊళ్లున్నాయి. బిర్యానీ హోటళ్లు, బతుకమ్మ ఆడే బడి మైదానాలు ఉన్నాయి. మేమింకా పుట్టనప్పుడే మా మోరీ సిద్ధమైంది.

ముందుచూపు ఎల్లకాలం నిలవలేదు. 1990లలో వాషింగ్టన్ నగరపాలన దివాలా అంచుకు వచ్చింది. నీటి బిల్లుల సొమ్మును వేరే అవసరాలకు వాడుకుంది. ప్లాంటులో యంత్రాలు మూలనపడ్డాయి. 1996లో ఆ ఖజానాను నగరం చేతిలోంచి తప్పించి వేరే సంస్థకు అప్పగించారు. ఇప్పటి డీసీ వాటర్ అదే. మురుగు పంపే శివారు కౌంటీలకు దాని బోర్డులో కుర్చీలున్నాయి.

పాత నగరంలో మూడో వంతు చోట వాననీరూ మురుగూ ఒకే పైపులో పారతాయి. గట్టి వాన పడితే పొంగి నదిలో కలుస్తాయి. కోర్టు సాక్షిగా 2005లో కుదిరిన ఒప్పందం ప్రకారం, దాదాపు మూడు వందల కోట్ల డాలర్లతో భారీ సొరంగాలు తవ్వుతున్నారు. వానలో ఆ నీళ్లను సొరంగం దాచుకుంటుంది, తర్వాత ప్లాంటు శుద్ధి చేస్తుంది. సొరంగం తవ్విన ఒక యంత్రానికి అధ్యక్షుడు జాన్సన్ భార్య లేడీ బర్డ్ పేరు పెట్టారు. అనకోస్టియా నది వైపు సొరంగం 2023లో పూర్తయింది. పొటోమాక్ వైపుది 2030కి కావాలి. ఖర్చు రాబట్టడానికి నీరింకని కప్పులకూ కాంక్రీటుకూ విస్తీర్ణాన్ని బట్టి రుసుము వేస్తే, చర్చిలూ శ్మశానాలూ కూడా లబోదిబోమన్నాయి. పేదల బిల్లు మీద ఆ భారం నిజంగానే పడింది.

2015 నుంచి మడ్డిని నార్వే పరిజ్ఞానంతో, ప్రెషర్ కుక్కర్‌లో పప్పులా ఉడికించి, ఆ తర్వాత పులియబెడుతున్నారు. వచ్చే గ్యాస్‌తో ప్లాంటుకు కావలసిన కరెంటులో సుమారు మూడో వంతు పుడుతోంది. మిగిలిన మట్టిని బ్లూమ్ పేరుతో తోటలకు అమ్ముతున్నారు.

ఇక మన సంగతి. హైదరాబాద్ పట్నం మురుగు మూసీలో పడి, పోచంపల్లి వైపు కత్వల (చిన్న ఆనకట్టల) కింద వరి మళ్లకు పారుతున్నది కొత్త కాదు. ఇప్పుడు పట్నమే మన ఇబ్రహీంపట్నం దిక్కు వస్తోంది. ఆదిబట్లలో కంపెనీలు వెలిశాయి. కొత్త నగరం కోసం 2025లో ఏర్పడ్డ ఫ్యూచర్ సిటీ సంస్థ పరిధిలో ఇబ్రహీంపట్నం, యాచారం, మంచాల మండలాల ఊళ్లున్నాయి. డల్లెస్ చుట్టూ 1960లో ఎట్లుండెనో, ఇప్పుడు అక్కడ అట్లనే ఉంది. పొలాలున్నాయి, ఇళ్లింకా రాలేదు. పైపు వేయడానికి ఇంతకన్నా చౌకైన సమయం మళ్లీ దొరకదు. ఇళ్లు లేచాక అదే పనికి సొరంగాలు తవ్వాలి.

ప్లాట్లమ్మే మా బావ ఫోన్లో వెంచర్ గురించి చెప్పినప్పుడల్లా 330 అడుగుల రోడ్డు ముచ్చటే. "మరి మోరీ ఎక్కడికి పోతది బావా?" అని అడిగాను.

"ఇంటింటికీ సెప్టిక్ ట్యాంకే కదా. నిండితే బండి పిలుస్తరు."

"బండి ఎక్కడ పారబోస్తది?"

"గది నాకెందుకు బావా, నువ్వు ప్లాటు తీసుకుంటున్నవా లేదా చెప్పు."